గెడ్డవలస గుణపాఠం

ఆ ఏడు రాష్ట్రంలో ప్రభుత్వం మూడుసార్లు మారింది. ఎన్నికలు మాత్రం ఒక్కసారే జరిగాయి. మిగతా రెండు మార్పులూ ప్రజలకు శ్రమ ఇవ్వకూడదన్న సదుద్దేశంతో ఎమ్మెల్యేలే చూసుకున్నారు. అందరూ కలిసి బస్సులెక్కి ఏదో రిసార్టుకు వెళ్లేవారు. అక్కడ ఈత కొలనులో కొన్నాళ్లు ఆత్మపరిశీలన చేసుకునేవారు. వాళ్లు ఒళ్లు తుడుచుకుని తిరిగి వచ్చేసరికి ముఖ్యమంత్రి మారిపోయేవాడు.

గెడ్డవలస పంచాయతీ కార్యదర్శి పొట్నూరు భానుమతికి ఈ సంగతులు పేపరు చూడకపోయినా తెలిసిపోయేవి. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆమె ఆఫీసు గోడలకు రంగు మారేది, కుర్చీ వెనక ఫోటో మారేది, పులిగెడ్డ ఒడ్డున కల్వర్టుకు మరోసారి శంకుస్థాపన జరిగేది. రంగులకూ ఫోటోలకూ ఆమె ఎప్పుడో అలవాటు పడిపోయింది. శంకుస్థాపనే ఆమె ప్రాణం తీసేది. పందిరి దగ్గర్నించి కొబ్బరికాయ దాకా అన్నీ తనే చూసుకోవాలి, మంత్రిగారు వెళ్లిపోయాక రాయిని కూడా తనే కాపలా కాయాలి.

ఆ ప్రాంతంలో కొండవాగును గెడ్డ అంటారు. పులిగెడ్డ ఎండాకాలంలో మేకపిల్ల కాళ్లు తడవకుండా దాటేంత బుద్ధిగా ఉంటుంది. వానలు పడ్డాయంటే మాత్రం ఎవరి మాటా వినదు. దానికి ఇవతల ఊరు, బడి, రేషన్ డిపో, ఆస్పత్రికి పోయే రోడ్డు. అవతల రాతివాడ. అక్కడ ఉండేవాళ్లంతా కొండరాయి కొట్టి బతికేవాళ్లు. పోయిన వానాకాలం అక్కడి సూరపు చిన్నమ్మి కోడలు సంతోషికి నొప్పులొస్తే, మంచంతో సహా ఎత్తుకుని గెడ్డలో దిగారు. సగం దూరం వెళ్లేసరికి నీళ్లు మంచం మోసేవాళ్ల భుజాలకొచ్చాయి. వెనక్కి మళ్లారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తరవాత జరిగిన రెండు శంకుస్థాపనల్లోనూ ఈ విషాదాన్ని గురించి గద్గద స్వరంతో మాట్లాడారు. రెండోసారి మాట్లాడినాయన బాగా మాట్లాడాడు, చప్పట్లు కూడా పడ్డాయి.

శిలాఫలకాల విషయంలో ఆ వైపు ఒక మర్యాద ఉంది. కొత్త ప్రభుత్వం వేసే రాయి పాత ప్రభుత్వపు రాయి కంటే ఒక అడుగైనా పొడుగుండాలి. లేకపోతే కొత్త ప్రభుత్వానికి పరువు తక్కువ. అలాగని పాత రాయిని తీసెయ్యడానికి లేదు, ఎందుకంటే దాని మీద పేర్లున్నవాళ్లలో సగంమంది కొత్త ప్రభుత్వంలో కూడా మంత్రులే. అందువల్ల పులిగెడ్డ ఒడ్డున ఎనిమిదడుగులదొకటి, తొమ్మిదడుగులదొకటి, పదడుగులదొకటి, మూడు నల్లరాతి పలకలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉండేవి. పొడుగు పెరిగేకొద్దీ గాలికి పడిపోతాయేమోనని మందం కూడా పెంచుకుంటూ పోయారు. మూడింటినీ కొట్టి, చెక్కింది రాతివాడ మేస్త్రీ తవుడు. చిన్నమ్మి మొగుడు. కల్వర్టు కోసం మాత్రం ఏ ఒడ్డునా ఒక తట్ట మట్టి లేవలేదు.

మూడో ప్రభుత్వం వచ్చాక ఏ దేవుడు కరుణించాడో ఫైలు కదిలింది. జిల్లా దాకా వెళ్లి, అక్కడ అందరి సంతకాలూ చేయించుకుని, ఆఖరున స్థలం ఖాళీగానే ఉందని భానుమతి ఒక సంతకం పెడితే టెండరు పిలుస్తామని తిరిగి వచ్చింది. సంతోషి మళ్లీ కడుపుతో ఉంది. ఆషాఢంలో నెలలు నిండుతాయి.

"అమ్మగోరూ, ఆ సంతకవేదో బేగి పెట్టీయండి. వానలు పడీలోగా రెండు గోడలేసి మీద పలక పరిసినా సాలు, మా కోడలు గుంటని నడిపించుకొచ్చీస్తాను" అంది చిన్నమ్మి.

"పండగ కాగానే పెట్టేస్తాను చిన్నమ్మీ. స్థలం ఖాళీగా ఉందనడానికి నాకేం అభ్యంతరం?" అంది భానుమతి.

మర్నాడు ఉగాది. ముఖ్యమంత్రి తన సందేశంలో, "గడచిన సంవత్సరపు రాజకీయ పరిణామాలు నాకు వ్యక్తిగతంగా ఎన్నో గుణపాఠాలు నేర్పాయి" అన్నాడు. ఇలాంటి మాటలు మామూలుగా ఎవరూ పట్టించుకోరు. ఖర్మ కాలి సచివాలయంలో ఒక పెద్ద అధికారి పట్టించుకున్నాడు. ముఖ్యమంత్రి అంతటివాడు నేర్చుకుంటే కింది ఉద్యోగులు నేర్చుకోకుండా కూర్చోవడం అవిధేయత కాదా అని ఆయనకు తోచింది. పండగ సెలవు ముగియకుండానే ఉత్తర్వు వెలువడింది.

"గడచిన సంవత్సరమున సంభవించిన రాజకీయ పరిణామముల నుండి ప్రతి ప్రభుత్వోద్యోగియు వ్యక్తిగతముగా ఒక గుణపాఠము నేర్చుకొనవలెను. ఇదివరకే నేర్చుకొనియున్న యెడల దానిని, నేర్చుకొనని యెడల తక్షణమే నేర్చుకొని, మండల గుణపాఠాధికారికి సమర్పించవలెను. గుణపాఠ ధ్రువపత్రము లేని ఉద్యోగి సంతకము ఏ ఫైలు మీదను చెల్లదు."

భానుమతి కలం మూత పెట్టేసింది.

మండలంలో గుణపాఠాధికారిగా చెరుకువాడ నరసింగరావును వేశారు. అంతకుముందు ఆయన వయోజన విద్య చూసేవాడు. ఆ పథకం కింద ఎవరికీ అక్షరమ్ముక్క రాకపోయినా, నేర్పించడంలో అనుభవం ఉన్నవాడని పై వాళ్లు అనుకున్నారు. ఆయనకు కొత్త బల్ల, కొత్త స్టాంపు, కొత్త బోర్డు వచ్చాయి. మాట కూడా కొత్తగా వచ్చింది.

"భానుమతి గారూ, రండి. తమరు వ్యక్తిగతంగా ఏ గుణపాఠానికి గురయ్యారు?" అన్నాడు.

భానుమతి దారంతా ఆలోచించుకునే వచ్చింది. "శంకుస్థాపన వేరు, కల్వర్టు వేరు అని నేర్చుకున్నాను సార్."

నరసింగరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది గుణపాఠం కోవలోకి రాదండీ. ఫిర్యాదు కోవలోకి వస్తుంది. ఫిర్యాదులు సోమవారాలు తీసుకుంటారు, పక్క గదిలో. గుణపాఠమనేది ఎలా ఉండాలంటే, రాజకీయ పరిణామాల నుంచే రావాలి గానీ, అందులో రాజకీయమూ ఉండకూడదు, పరిణామమూ ఉండకూడదు."

"అయితే ఓర్పుగా ఉండడం నేర్చుకున్నానని రాసుకోండి."

"ఓర్పు కలెక్టరు గారు నేర్చుకున్నారు."

"ఆయన నేర్చుకుంటే నేను నేర్చుకోకూడదా?"

"హోదాల ప్రకారం పోవాలి కదండీ. కలెక్టరు గారిది పూర్తి ఓర్పు. తహశీల్దారు గారికి తగుమాత్రం ఓర్పు మంజూరైంది. నాకు 'అప్పుడప్పుడు ఓర్పు' ఇచ్చారు. తమరు వచ్చి ఏకంగా ఓర్పు నేర్చుకున్నానంటే పై అధికారిని మించినట్టవుతుంది. క్రమశిక్షణ నిబంధనలు ఒప్పుకోవు."

"పోనీ, అధికారం ఎవరికీ శాశ్వతం కాదని..."

"అది మంత్రివర్గ స్థాయి. తమరు అది నేర్చుకుంటే ఆడిట్‌వాళ్లు వచ్చి, మీకున్న అధికారమేమిటి, దాని శాశ్వతత్వం సంగతి మీకెందుకు అని అడుగుతారు. అప్పుడు తమరేం చెబుతారు?"

భానుమతికి చిర్రెత్తుకొచ్చింది. "అసలు నేనేమీ నేర్చుకోలేదు సార్. అలా రాసేసుకోండి."

గదిలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు. నరసింగరావు గొంతు తగ్గించి, "ఆ మాట నేను వినలేదనుకుంటాను" అన్నాడు. "ఏడాది పొడుగునా ఎంతో కష్టపడి మూడు ప్రభుత్వాలు మారితే, అందులోంచి నేర్చుకోవడానికి ఏమీ లేదంటారా? ఒకేసారి మూడు ప్రభుత్వాలను ధిక్కరించినట్టవుతుంది. ఇంటికెళ్లి స్థిమితంగా ఏదైనా నేర్చుకుని రండి."

మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ దుకాణం అప్పలరాజు అప్పటికే 'ఇచ్చట గుణపాఠములు లభించును' అని అట్టముక్క వేలాడదీశాడు. హోదాను బట్టి ధర. లామినేషన్ విడిగా. పశువుల డాక్టరు అక్కడే ఒకటి కొనుక్కుపోయి సమర్పిస్తే, మూగజీవుల నుంచి విధేయత నేర్చుకున్నందుకు ప్రశంస కూడా వచ్చింది. ఇద్దరు టీచర్లకు పొరపాటున ఒకే గుణపాఠం అమ్మేశాడు. వాళ్ల మీద కాపీ కొట్టారని కేసు పెట్టారు. టీచర్లయి ఉండి ఇదేం పనని పేపర్లో కూడా వేశారు.

భానుమతి ఉండబట్టలేక ఒకటి కొంది. "కుర్చీ ఎవరిదైనా నా నమస్కారం ఒక్కటే" అని ఉంది అందులో. నరసింగరావు అది చదివి మెచ్చుకున్నాడు గానీ, "హృదయంలోంచి వచ్చినట్టు లేదండీ" అని, ఆమెను గుణపాఠ సాధన శిబిరానికి పంపాడు.

శిబిరం కల్యాణ మండపంలో పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక చాప, ఒక మంచినీళ్ల సీసా ఇచ్చారు. పట్నం నుంచి వచ్చిన నిపుణుడు తెల్ల లాల్చీ వేసుకుని, చెవికి మైకు తగిలించుకుని, అందరినీ కళ్లు మూసుకోమన్నాడు.

"మీలోపల ఒక అసెంబ్లీ ఉంది. చూడండి. మీలో ఒక అధికారపక్షం ఉంది, ఒక ప్రతిపక్షం ఉంది. ఇప్పుడు మీ ప్రతిపక్షాన్ని మాట్లాడనివ్వండి. అడ్డుకోకండి. ఆ మాటల్లోంచే మీ గుణపాఠం పుడుతుంది."

భానుమతి లోపలికి చూసింది. లోపల గెడ్డ కనబడింది. ఇంకేమీ కనబడలేదు. పక్క చాప మీద వీఆర్వో గురకపెడుతున్నాడు. అవతల వ్యవసాయశాఖ అతను చప్పున లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు నిపుణుడు.

"నాలో ఉన్న ప్రతిపక్షం వాకౌట్ చేసిందండి" అని అతను ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరుకు వెళ్లిపోయాడు. ఇంత లోతైన అనుభవం ఈ జిల్లాలో ఎవరికీ కలగలేదని నిపుణుడు సంబరపడి, అతనికి ఆ పూటే ధ్రువపత్రం ఇప్పించాడు.

భానుమతి ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. వైశాఖం వెళ్లిపోయింది. జ్యేష్ఠం సగమైంది. కొండల మీద మబ్బు కూడా కనబడడం మొదలైంది. చిన్నమ్మి రోజు మార్చి రోజు ఆఫీసు గుమ్మంలో కూర్చునేది.

"ఈ గుణపాటం ఏటమ్మా? తినీదా, కట్టుకునీదా?"

"నేర్చుకునేది చిన్నమ్మీ."

"మూడు పెబుత్వాలు మారితే మీరింకా నేర్సుకోలేదేటి? మేం పోయినేడే నేర్సీసుకున్నాం." ఆమె వెటకారంగా అనలేదు. పోయిన బిడ్డ గుర్తుకొచ్చి అంది. ఆ మాటకు భానుమతి తలెత్తలేకపోయింది. తన ఒక్క సంతకం కోసం అక్కడ ఒక మనిషి ప్రాణం గిజగిజలాడుతూ ఉంటే, తను ఊళ్లూ శిబిరాలూ తిరిగి గుణపాఠం వెతుక్కుంటోంది. సిగ్గేసింది, ఒళ్లు మండింది.

ఆ మంటలోనే మండలాఫీసుకు పోయి, నిలబడే ఒక కాగితం మీద ఒక్క ముక్క రాసి బల్ల మీద పడేసింది. "ఈ సంవత్సరం నేను ఒక గుణపాఠం నేర్చుకున్నాను."

నరసింగరావు చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం తిప్పి వెనక చూశాడు. ఏమీ లేదు. ఆయన మొహం వికసించింది.

"అద్భుతం. ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ దీన్ని? ఎవరినీ నొప్పించలేదు, ఎవరినీ మెప్పించలేదు, ఏ హోదానూ అతిక్రమించలేదు. మూడు ప్రభుత్వాలకూ సమానంగా వర్తిస్తుంది. దీన్ని నమూనాగా జిల్లాకు పంపుతున్నాను" అని స్టాంపు గుద్దాడు.

భానుమతి ధ్రువపత్రం పట్టుకుని పరుగున వచ్చి ఫైలు మీద సంతకం పెట్టింది. చిన్నమ్మి ఆ ఫైలుకు దండం పెట్టుకుంది. అది జిల్లాకు వెళ్లే బస్సులో ఉండగానే ఎమ్మెల్యేలు మళ్లీ రిసార్టు బస్సులెక్కారని వార్త వచ్చింది. వారం తిరక్కుండా నాలుగో ప్రభుత్వం వచ్చింది.

నాలుగో ప్రభుత్వం చేసిన మొదటి పని, గత ప్రభుత్వ హయాంలో నేర్చుకున్న గుణపాఠాలన్నింటినీ రద్దు చెయ్యడం. "సదరు గుణపాఠములు దురుద్దేశపూరితములు. కావున వాటిని నేర్చుకొనిన ఉద్యోగులందరును తక్షణమే మరచిపోవలెను. మరపు ధ్రువపత్రము లేని ఉద్యోగి సంతకము చెల్లదు." ఫైలు వెళ్లిన బస్సులోనే తిరిగి వచ్చింది.

నరసింగరావు బోర్డు మీద 'గుణపాఠాధికారి' అన్నచోట కాగితం అంటించి 'మరపు అధికారి' అని రాశారు. మనిషి మాత్రం మారలేదు.

"భానుమతి గారూ, తమరు మరచిపోయింది ఏమిటో వివరంగా చెప్పండి. రాసుకుంటాను."

"మరచిపోయాను సార్."

"ఏది మరచిపోయారో తెలియకుండా మరచిపోయారని ఎలా ధ్రువీకరించమంటారు?"

"ఏది మరచిపోయానో చెబితే గుర్తున్నట్టే కదా సార్."

"కరెక్టే" అన్నాడు నరసింగరావు విచారంగా. "జిల్లాలో ఎవరికీ ఈ ధ్రువపత్రం రాలేదండీ. నాకే రాలేదు. నేను జనం గుణపాఠాలన్నీ చదివాను కదా, ఎంత ప్రయత్నించినా పోవడం లేదు. రాత్రిళ్లు పశువుల డాక్టరు గారి విధేయత గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు."

"గెడ్డ పొంగుతోంది సార్. అవతల కాన్పు మనిషి ఉంది."

"తెలుసండీ. అందుకే వచ్చే వారం మంత్రి గారే స్వయంగా విచ్చేస్తున్నారు."

"కల్వర్టు పనికా?"

"శంకుస్థాపనకు."

నాలుగో రాయికి ఆర్డరు తవుడికే వెళ్లింది. పదకొండడుగులు. తవుడు దాన్ని కొట్టి, పేర్లు చెక్కి, రాతివాడ ఒడ్డున పెట్టాడు. గెడ్డ తగ్గి అది ఇవతలికి చేరేదాకా శంకుస్థాపన వాయిదా పడింది. శిలాఫలకాల సంరక్షణ గురించి కూడా అదే వారం ఒక ఉత్తర్వు వచ్చింది. నాలుగు ఫలకాల్లో దేనికి హాని జరిగినా, కాకి రెట్ట వేసినా, వరదకు ఒరిగినా, కార్యదర్శిని సస్పెండు చేస్తారు. "వాటిని అత్యంత దృఢమైన స్థితిలో భద్రపరచవలెను" అని ఉంది అందులో.

ఆషాఢం వచ్చింది. ఒకనాడు తెల్లారేసరికి వాన. కొండంతా కరిగి గెడ్డలోకి వస్తున్నట్టుంది. భానుమతి గొడుగు పట్టుకుని ఒడ్డుకు వెళ్లేసరికి తవుడూ, అతని మనుషులూ మోకు పట్టుకుని దాటి ఇవతలికి వస్తున్నారు. నీళ్లు వాళ్ల నడుముల దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డున చిన్నమ్మి సంతోషిని పట్టుకుని గోనెసంచి కప్పి నిలబడి ఉంది.

"నొప్పులొచ్చీసినాయమ్మా" అన్నాడు తవుడు. "మోకట్టుకుని మేవైతే దాటగలం. ఆ గుంట ఎలా దాటతాది? పోయినేడు మంచవెత్తి సూసినాం గదా. మజ్జానానికి మేవూ దాటలేం."

గెడ్డ మధ్యలో మూడు పెద్ద బండలు నీళ్లకు తలలు బయటపెట్టి ఉన్నాయి. తవుడు వాటికేసి చూశాడు. తరవాత ఒడ్డున నిలబడ్డ మూడు నల్లరాతి పలకల కేసి చూశాడు. భానుమతి అతని చూపు వెంటే చూసింది. అవి అతను చేతులారా చెక్కిన రాళ్లు. వాటి కొలత అతనికి చెప్పక్కర్లేదు, ఆ బండల మధ్య ఎడమూ చెప్పక్కర్లేదు. కానీ అడగడానికి అతనికి నోరు రావడం లేదు. అవి మామూలు రాళ్లు కావు, గౌరవనీయులైన రాళ్లు.

భానుమతి లెక్క వేసుకుంది. ఇరవై ఏళ్ల సర్వీసు. ఇంట్లో తన జీతం తప్ప వేరే ఆధారం లేదు. నాలుగు ప్రభుత్వాల పేర్లున్న రాళ్లు. వాటిల్లో ఏది మళ్లీ వస్తుందో ఎవరికీ తెలియదు. అవతల గోనెసంచి కింద సంతోషి ముందుకు వంగిపోయి, చిన్నమ్మి భుజం కొరుకుతోంది. అది చూశాక ఆమెకు ఆ ఉత్తర్వులో మాట గుర్తొచ్చింది.

"తవుడూ, ఈ రాళ్లు ఇలా నిలబడి ఉంటే వరదకు ఒరిగిపోవా?"

"ఒరిగిపోతాయమ్మా. అడుగున మట్టి అప్పుడే కోసీసింది."

"మరి రాయికి అన్నిటికన్నా దృఢమైన స్థితి ఏది?"

తవుడు ఆమె మొహం చూశాడు. అర్థమైంది. "పడుకుని ఉండడవేనమ్మా."

"అయితే పడుకోబెట్టండి. ఉత్తర్వుంది. ఎక్కడ పడుకోబెట్టాలో అందులో రాయలేదు."

రాతి పనివాళ్లకు రాయిని ఒప్పించడం చేతనవును. మోకులు వేశారు, గునపాలు పెట్టారు, తాటి దుంగల మీద దొర్లించారు. మొదటి రాయి మొదటి బండ మీదికి చేరబోతుండగా భానుమతికి మళ్లీ భయమేసింది. "తవుడూ, పేర్లున్న వైపు కిందికి పెట్టరాదా? జనం తొక్కుతారు."

"కిందికెడితే జారిపోతాదమ్మా. రెండేపులా నున్నగా తోమించినారు గదా, అటేపు అద్దంలా ఉంటాది. సెక్కినేపు పైనుంటే అచ్చరాల్లో కాలు నిలబడతాది."

"పైకే పెట్టండి" అంది భానుమతి.

ఇవతల నుంచి మూడూ, వాటి మీదుగా దాటి వెళ్లి అవతల నుంచి తవుడు కొట్టిన కొత్తదీ పరిచేసరికి నీళ్లు బండల చెవుల దాకా వచ్చాయి. చిన్నమ్మి ముందు, ఆమె నడుం పట్టుకుని సంతోషి, వెనక ఇద్దరు ఆడవాళ్లు. ఒక్కొక్క పేరు మీద కాలు ఆనించుకుంటూ వచ్చారు. ఎమ్మెల్యేల పేర్లు చిన్న అక్షరాలు, అక్కడ కాస్త జారింది. ముఖ్యమంత్రుల పేర్లు లోతుగా చెక్కి ఉండడం వల్ల పట్టు బాగా దొరికింది. మూడో రాయి మీద 'గౌరవనీయ ముఖ్యమంత్రివర్యులు' దగ్గర సంతోషికి పెద్ద నొప్పి వచ్చి ఆగిపోయింది. ఆ అక్షరాల్లో కాలివేళ్లు బిగించి, ఊపిరి పీల్చుకుని, నొప్పి తగ్గాక మళ్లీ కదిలింది.

ఇవతల ఒడ్డున ఆటో సిద్ధంగా ఉంది. మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు వినగానే భానుమతి ఆఫీసు తలుపు మూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు సస్పెన్షన్ భయంతో కాదు.

వాన తగ్గిన మర్నాడు విచారణకు నరసింగరావు వచ్చాడు. గెడ్డ అంచున నిలబడి మొదటి రాయి మీద కాలు పెట్టబోయి, అక్కడున్న పేరు చదివి కాలు వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విడిచి చూశాడు. అయినా ధైర్యం చాలలేదు. ఈయన మళ్లీ వస్తే? పక్కాయన వస్తే? ఆఖరికి ఇవతల ఒడ్డు నుంచే అవతలివాళ్లను కేకేసి విచారణ జరిపాడు. ఆయన పక్కనుంచే బడిపిల్లలు సంచులు ఊపుకుంటూ దాటిపోయారు.

"భానుమతి గారూ, మహా ఘోరం జరిగింది. తమరి సస్పెన్షన్ తప్పదు."

"ఎప్పుడండీ?"

నరసింగరావు ఆలోచనలో పడ్డాడు. "సస్పెన్షన్ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. నా సంతకం చెల్లాలంటే నాకు మరపు ధ్రువపత్రం రావాలి. పైవాళ్లకు పంపిద్దామంటే వాళ్లకూ రాలేదు." ఆయన గెడ్డకేసి దిగులుగా చూసి, "మరచిపోవడానికి ప్రయత్నిస్తూనే ఉన్నానండీ" అన్నాడు.

ఈలోగా పులిగెడ్డ మీద వంతెన పడిందని పేపర్లో ఫోటో వచ్చింది. అది తామే వేశామని నాలుగో ప్రభుత్వం ప్రకటించింది. కాదు, పునాది తమదని మూడో ప్రభుత్వంవాళ్లు ఖండించారు. మొదటివాళ్లూ, రెండోవాళ్లూ రోడ్డెక్కారు. అనుమానముంటే వెళ్లి వంతెన మీద పేర్లు చూసుకోమని అందరూ అన్నారు. నలుగురి పేర్లూ ఉన్నాయి. ఆ ఏడాది మొత్తం మీద నలుగురూ కలిసి చెప్పిన నిజం అదొక్కటే. అంతటి వంతెనను తియ్యమని చెప్పడానికి గానీ, దాన్ని వేయించిన మనిషి మీద చర్య తీసుకోవడానికి గానీ ఏ పార్టీకీ నోరు రాలేదు.

శ్రావణంలో ఒకరోజు చిన్నమ్మి మనవరాలిని ఎత్తుకుని పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. పిల్లకు కాటుక పెట్టి, మెళ్లో నల్లపూసలు కట్టింది. భానుమతి పేపరు పక్కన పెట్టి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆ పిల్ల ఆమె మెడలోని ఐడీ కార్డు నోట్లో పెట్టుకుంది.

"అన్నీ బాగున్నాయమ్మా. మరొక్కటే" అంది చిన్నమ్మి నసుగుతూ. "మా ఒడ్డున దిగీ కాడ బురదండి. ముసిలోళ్లు జారిపోతన్నారు. ఇంకొక్క రాయుంటే మెట్టవుద్ది. మళ్లీ కాయితాలెట్టుకుంటే వస్తాదేటి?"

భానుమతి పిల్ల నోట్లోంచి కార్డు మెల్లగా తీసి, పక్కనున్న పేపరు మళ్లీ చేతిలోకి తీసుకుంది. మొదటి పేజీలో పెద్ద ఫోటో ఉంది. ఎమ్మెల్యేలు నవ్వుతూ, చెయ్యి ఊపుతూ బస్సులెక్కుతున్నారు. భుజాల మీద తువ్వాళ్లున్నాయి.

"కాయితాలేం అక్కర్లేదు చిన్నమ్మీ" అంది. "మీ ఆయనతో చెప్పు, పన్నెండడుగుల రాయొకటి చూసి ఉంచమని."